కారు తువ్వాలు

మా ఇంట్లో తువ్వాళ్ళకు ఎప్పుడూ లోటు లేదు. మా ఆయన తెనాలిలో ఒక బట్టల కొట్లో పనిచేసేవారు. అంచు సరిగా రానివీ, రంగు తేడా పడినవీ, కొనడానికి వచ్చినవాళ్ళు తిప్పి తిప్పి చూసి వద్దని పడేసినవీ చివరికి మా ఇంటికే చేరేవి. వాటిలో ఒకటి మాత్రం ఒళ్ళు తుడుచుకోవడానికి కాదు. దాన్ని కారు తువ్వాలు అనేవాళ్ళం. వానాకాలం వస్తోందంటే చాలు, మా ఆయన దాన్ని ఉతికించి, నాలుగు మడతలు పెట్టి, మా పాత అంబాసిడర్‌లో ముందు సీటు ఎడమవైపున పెట్టేవారు. ఎడమవైపు సీటు నాది. పెళ్ళయిన ఏడాది నుంచీ వానలో కారెక్కితే ఆ తువ్వాలు ఒళ్ళో పరుచుకుని కూర్చోవడం నా రాతయిపోయింది.

కారు ముందద్దం చుట్టూ ఒక రబ్బరు ఉంటుంది. అద్దాన్ని రేకు అంచుకు పట్టి ఉంచేదీ, నీళ్ళను బయటే ఆపేదీ అదే. మా కారుకున్న రబ్బరు ఎండలకు ఎండిపోయి, గోటితో గీకితే పొడిపొడిగా రాలేది. వాన పడితే ఎడమ పై మూల నుంచి నీళ్ళు లోపలికి దిగి, అద్దం కిందున్న గట్టు మీద చేరేవి. అక్కడ బుద్ధిగా కూర్చునేవి. బండి ఎక్కడైనా ఆగి మళ్ళీ కదిలిందా, అన్నీ కూడబలుక్కుని నా ఒళ్ళోకి దూకేవి. ఉత్త నీళ్ళయితే ఆరిపోతాయిలే అనుకోవచ్చు. ఇవి తుప్పు పట్టిన రేకును కడుక్కుంటూ వచ్చిన నీళ్ళు. ఒకసారి బట్టకు పట్టుకున్నాయంటే ఏ సబ్బుకూ లొంగవు.

"మెల్లగా కదిలించండి" అని నేను మొత్తుకునేదాన్ని.

"మెల్లగానే కదిలిస్తున్నానే" అనేవారాయన.

ఈ రెండు మాటలూ మేము ఎన్ని వానల్లో చెప్పుకున్నామో లెక్క లేదు.

ఆ కారు సంగతి కొంత చెప్పాలి. లేకపోతే నేనేదో గయ్యాళినని అనుకుంటారు. చెప్పిన తర్వాత కూడా అనుకుంటే ఇక నేను చేయగలిగింది లేదు. మా మామగారు భట్టిప్రోలు దగ్గర ఒక రైసుమిల్లు యజమానికి డ్రైవరు. ఆయన రోజూ పొద్దున్నే తడిపిన న్యూస్‌పేపరుతో ముందద్దం తుడిచేవారట. పిల్లలు దగ్గరకొస్తే వేలిముద్రలు పడతాయని కసిరేవారట. మా ఆయనకు చిన్నప్పుడు ఆ కారులో కూర్చున్న జ్ఞాపకమే లేదు, దూరం నుంచి చూసిన జ్ఞాపకాలు మాత్రం బోలెడు. యజమాని కొత్త కారు కొనుక్కున్నప్పుడు పాతదాన్ని మా మామగారికే ఇచ్చేశారు. ఇచ్చాక కూడా దారిలో యజమాని కనబడితే ఈయన దిగి వెనక తలుపు తీసి నిలబడేవారట. సొంత కారులో సొంతంగా తిరిగింది కొద్ది కాలమే. తర్వాత ఆయన పోయారు. ఆ ముందద్దం మాత్రం ఆయన తుడిచిన అద్దమే. మా ఆయనకు కారంటే ఎంత ప్రేమో, ఆ అద్దమంటే అంతకు రెట్టింపు. ఇదంతా నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన ఒళ్ళో తుప్పునీళ్ళు పడితే ఒళ్ళు మండకుండా ఉంటుందా?

రెండువేల నాలుగో, ఐదో అనుకుంటాను. ఆ ఏడు వానలు తొందరగా మొదలయ్యాయి. నెలలో మొదటి ఆదివారం మేము రేపల్లె వెళ్ళేవాళ్ళం. మా అమ్మ అక్కడే ఉండేది. ఆ వారం చర్చిలో ప్రభు భోజనం ఉంటుంది కాబట్టి ఆడవాళ్ళమంతా తెల్లచీరలు కట్టుకుంటాం. నాదీ తెల్లచీరే, సన్నటి జరీ అంచుది, అప్పుడే మడత విప్పింది. భట్టిప్రోలు రైల్వే గేటు దగ్గర ఆగాం. వాన దంచి కొడుతోంది. గట్టు మీద నీళ్ళు చేరడం చూస్తూనే ఉన్నాను. తువ్వాలు సర్దుకుందామనుకునేలోపు రైలు పోయింది, గేటు లేచింది, వెనక బస్సువాడు హారను కొట్టాడు, మా ఆయన బండిని ముందుకు దూకించారు. తువ్వాలు నా కాళ్ళ దగ్గర పడింది. నీళ్ళు మాత్రం గురి తప్పలేదు.

ఆ చీరతోనే వరసలో నడిచి, రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే బల్ల దగ్గరికి వెళ్ళాను. పమిట ముందుకు లాక్కుని, చేతులు ముందు అడ్డం పెట్టుకుని, తల వంచుకుని. భక్తి అనుకున్నవాళ్ళు అనుకుని ఉంటారు. బయటికి వచ్చాక మా అమ్మ పక్కింటావిడ ఎంతో జాలిగా, కాఫీ ఒలికిందా అమ్మా అని అడిగింది. పాస్టరు అయ్యగారు కూడా చూసి చూడనట్టు చూపు తిప్పుకున్నారు. ఆ జాలి చూపులకన్నా ఎవరైనా నవ్వి ఉంటే నయమనిపించింది.

మధ్యాహ్నం మా అమ్మ ఇంట్లో అన్నాలు తింటుండగా తేల్చేశాను. బాపట్లలో ఒక ఫొటో స్టూడియో ఆయన, పెళ్ళికొడుకునూ పెళ్ళికూతురునూ పక్కన నిలబెట్టి ఫొటోలు తీయడానికి పాత కారు కావాలని మా ఆడపడుచు భర్త ద్వారా చాలాకాలంగా అడుగుతున్నాడు. మా ఆయన ఆ మాట వినపడనట్టే ఉండేవారు.

"ఇంకొక్కసారి వానలో నా ఒళ్ళో చుక్క పడిందంటే కారు ఆ స్టూడియో ఆయనకిచ్చేయాలి. మా అమ్మ ముందు మాటివ్వండి" అన్నాను.

ఆయన ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నారు. తర్వాత తలెత్తకుండానే, "సరే. నీ ఒళ్ళో చుక్క పడితే ఇచ్చేస్తాను" అన్నారు.

అంత తేలిగ్గా ఒప్పుకుంటారని నేను అనుకోలేదు. తేలిగ్గా కాదని వెంటనే తెలిసింది. పెరుగు వేసుకోకుండానే చెయ్యి కడుక్కున్నారు. మా ఆయన పెరుగన్నం మానేశారంటే అది మామూలు సంగతి కాదు. మా అమ్మ నా వైపు గుడ్లురిమి చూసింది. నేనూ వెనక్కి తగ్గలేదు.

ఆ వారం నుంచి మొదలయ్యాయి వైద్యాలు. మొదట రబ్బరు పగుళ్ళలో తారు పూశారు. ఎండకు అది కరిగి అద్దం మీదకు కారింది, గీకడానికి ఒక పూట పట్టింది. తర్వాత కొవ్వొత్తి మైనం. ఆ తర్వాత సైకిలు ట్యూబులకు వాడే సొల్యూషన్. ప్రతి వైద్యం తర్వాత నన్ను లోపల కూర్చోబెట్టి బయటి నుంచి చెంబుతో నీళ్ళు పోసేవారు. నా మీద పడగానే, పడ్డాయా అని అడిగేవారు. ముఖం మీద నీళ్ళు కారుతున్న మనిషిని అడగాల్సిన ప్రశ్నేనా అది? చివరికి కొత్త రబ్బరు వేయడం తప్ప దారి లేదని ఆయనే ఒప్పుకున్నారు.

తెనాలిలో అడిగితే అంత పాత మోడల్‌ది లేదన్నారు. బాపట్లలో స్టేషను వైపు పాత కార్ల సామాన్లు అమ్మే కొట్టు ఉందని మా ఆడపడుచు భర్త ఫోన్ చేసి చెప్పారు. ఒక సెలవు రోజు పొన్నూరు మీదుగా వెళ్ళాం. ఆ రోజు అదృష్టం కొద్దీ వాన లేదు. కొట్టువాడి దగ్గర నల్లటి రబ్బరు చుట్టలు చుట్టి గోడకు వేలాడుతోంది. రెండు పక్కలా గాడి ఉంది. ఒక గాడిలో అద్దం అంచు కూర్చుంటుంది, రెండోదాంట్లో కారు రేకు అంచు దూరుతుంది. మీటర్ల లెక్కన అమ్ముతానన్నాడు.

మీటర్ల లెక్క అనగానే మా ఆయన ముఖం వెలిగింది. ఇక్కడ ఆయన చేతి సంగతి చెప్పాలి. కొట్లో ఆయన బట్ట కొలిచే తీరు తెనాలిలో అందరికీ తెలుసు. మీటరు బద్ద మీద బట్ట పెట్టి, ఎడమ బొటనవేలితో నొక్కి, కుడిచేత్తో సుతారంగా లాగుతారు. చూసేవాళ్ళకు ముడత సర్దుతున్నట్టే ఉంటుంది. ఇంటికెళ్ళి కొలుచుకుంటే వేలెడు తక్కువ. నేను కుట్టించుకునే దర్జీ, మీ కొట్టు జాకెట్టు ముక్క తెస్తే నేను కుట్టనమ్మా అని మొహం మీదే చెప్పేశాడు. ఆ లాగుడు ఆయన మోసం కోసం చేసేది కాదు. చేతికి అలవాటైపోయింది. దుప్పటి పరిచినా లాగుతారు, పేపరు మడిచినా లాగుతారు. అలాంటి మనిషి బాపట్ల కొట్టువాడు రబ్బరు కొలుస్తుంటే, వాడెక్కడ లాగుతాడోనని పిల్లి ఎలుకను చూసినట్టు కాపలా కాశారు. కాస్త ఎక్కువే కొన్నారు. ఇంటికొచ్చేదాకా, వాణ్ణి లాగనివ్వలేదు చూశావా అని ఒకటే మురిపెం.

మా తెనాలి ఇంటి ముందు సందు ఇరుకు. అందుకని అద్దం బిగించే పని రేపల్లెలో మా అమ్మ ఇంటి వాకిట్లో పెట్టుకున్నాం. మా ఆడపడుచు భర్త బాపట్ల నుంచి పొద్దున్నే బస్సులో దిగారు. ఆయన్ను నేను అన్నయ్యగారు అంటాను. మంచి మనిషి. కానీ ఆయనకు తెలియని పని లేదు, అదీ చిక్కు. ఎప్పుడో చీరాల బస్టాండులో బస్సుకు అద్దం వేస్తుంటే నిలబడి చూశారట. ఆ ఒక్క చూపుతో ఆయన మాకు పెద్దమేస్త్రీ అయిపోయారు.

పాత రబ్బరును బ్లేడుతో కోసి, ముక్కలు ముక్కలుగా పీకారు. లోపలి నుంచి నెమ్మదిగా తోస్తే అద్దం ఊడి వాళ్ళ చేతుల్లోకి వచ్చింది. దాన్ని తెచ్చి మా అమ్మ నవారు మంచం మీద, బొంత పరిచి పడుకోబెట్టారు. అప్పుడు మా ఆయన ఎవరూ అడగకుండానే ఒక న్యూస్‌పేపరు తడిపి, అద్దాన్ని రెండు వైపులా తుడవడం మొదలుపెట్టారు. అన్నయ్యగారు తొందరపెడుతున్నా పట్టించుకోలేదు. మూలల దాకా తుడిచి, వెలుతురుకు వంగి చూసి, మళ్ళీ తుడిచారు. అది చూస్తుంటే నాకు ఆ కారు మీద కోపం నిలవలేదు. నిలవలేదని ఒప్పుకోవడం ఇష్టం లేక లోపలికెళ్ళి టీ పెట్టాను.

రేకు అంచు మీది తుప్పు చేతికందినంత మేర గీకి, ఎర్రరంగు పూసి, ఆరనిచ్చారు. తర్వాత అద్దం చుట్టూ రబ్బరు చుట్టాలి. చుట్టి, రెండు కొసలూ కలిసేచోట కోసి అతకాలి. ఆ అతుకు ఎక్కడ రావాలన్న దాని మీద పెద్ద గొడవ. అన్నయ్యగారు కింద నడిమధ్యలో రావాలన్నారు. మా ఆయన కాదన్నారు. డ్రైవరు వైపు పై మూల రావాలన్నారు. పై మూలైతే వాన నేరుగా అతుకు మీదే కొడుతుందని అన్నయ్యగారు చేతులూపి చెప్పారు. నాకూ ఆ మాటే సబబనిపించి ఆయన పక్షాన చేరాను. ఎందుకక్కడ అని ఎన్నిసార్లడిగినా మా ఆయన కారణం చెప్పరు.

"అక్కడే ఉండాలి బావా" అన్నారు. అంతే.

ఆ మొండితనం చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తండ్రి కారు పోతుందేమోనన్న భయం ఉన్న మనిషి, నలుగురూ చెప్పిన మాట వినొచ్చు కదా! వినలేదు. రబ్బరు గాడిలో అద్దం అంచు కూర్చోబెడుతూ, ఎడమ బొటనవేలితో నొక్కుతూ, కుడిచేత్తో లాగుతూ చుట్టూ తిరిగారు. ఎక్కడా ముడత లేదు, వదులు లేదు. కొట్టు నుంచి తెచ్చిన పెద్ద కత్తెరతో డ్రైవరు వైపు మూల దగ్గర కరుక్కున కోశారు. రెండు కొసలూ సొల్యూషన్‌తో అతికించారు. జానెడు ముక్క మిగిలితే దాన్ని ఎత్తి నాకు చూపించి, ఎంత మిగిలిందో చూశావా అన్నారు. బట్టల కొట్టు మనిషికి ముక్క మిగిలితే ఉండే సంతోషం వేరు. మా అమ్మ ఆ ముక్కను చెత్తలో పారేయకుండా లోపలికి పట్టుకుపోయింది.

ఇప్పుడు అసలు పని. రబ్బరు రెండో గాడిలో చుట్టూ ఒక తాడు పెడతారు. అద్దాన్ని బయటి నుంచి కారుకు ఆనించి నొక్కుతుంటే, లోపల కూర్చున్న మనిషి ఆ తాడును కొద్దికొద్దిగా లాగాలి. తాడు వస్తూ వస్తూ రబ్బరు పెదవిని రేకు అంచు మీదుగా లోపలికి లాక్కొస్తుంది. తాడంటే మా అమ్మ బట్టలారేసే నైలాను తాడే. జారడానికి టబ్బులో సబ్బునీళ్ళు కలిపి చుట్టూ పూశారు. లోపల కూర్చునే మనిషిని నేను. ఆ ఎండలో, అద్దాలు బిగించిన కారులో, సబ్బు వాసనలో ఉడికిపోతూ నేను తాడు పట్టుకున్నాను. బయట ఇద్దరు పెద్దమనుషులూ అద్దం మీద అరచేతులు ఆనించి నన్ను చూస్తున్నారు. ఒకరు లాగమంటారు. ఒకరు ఆగమంటారు. లాగితే ఎందుకు లాగావంటారు, ఆగితే ఎందుకు ఆగావంటారు. బడిలో నేను అరవై మంది పిల్లలకు పాఠం చెప్పేదాన్ని. వాళ్ళెవరూ నన్ను ఇంతగా విసిగించలేదు.

ఎలాగో కింది అంచంతా ఎక్కింది. ఎడమ పక్క సగం ఎక్కింది. సరిగ్గా అప్పుడు మా అమ్మ వాకిట్లోకి వచ్చి అన్నాలకు లేవమంది. ఇదయ్యాక వస్తామన్నాం. చేపల పులుసు దించాను, అల్లుళ్ళిద్దరూ వచ్చిన రోజున చల్లారిన అన్నం పెట్టలేనంది. అన్నయ్యగారు మా అమ్మకు అల్లుడెలా అవుతారని అడిగే ఓపిక కూడా లేదు నాకు. అద్దం పడిపోతుందమ్మా అంటే, సగం ఎక్కిందిగా, ఎక్కడికి పోతుంది అంది. మా ఇళ్ళల్లో అల్లుడి విస్తరి ముందు ఏ పనైనా ఆగాల్సిందే. అద్దానికి అడ్డంగా ఒక బల్ల ఆనించి, ముగ్గురం వెళ్ళి పులుసు తిన్నాం. రెండోసారి కూడా వడ్డించింది. తిని వచ్చి చూస్తే సబ్బునీళ్ళు ఎండిపోయాయి. ఎక్కిన రబ్బరు పెదవి సగం దాకా వెనక్కి జారిపోయింది. తాడు గాడిలోంచి ఊడి నా సీటు మీద పడి ఉంది.

మళ్ళీ అద్దం దించాం. మళ్ళీ తాడు చుట్టాం. మళ్ళీ సబ్బునీళ్ళు. అప్పుడు నేనేం మాట్లాడానో ఇక్కడ రాయను, మా అమ్మ చర్చి మనిషి.

పొద్దు వాలేవేళకు అద్దం కూర్చుంది. చుట్టూ నల్లటి కొత్త రబ్బరు నిగనిగలాడుతోంది. నన్ను నా సీట్లో కూర్చోబెట్టి, తువ్వాలు లేకుండా, బకెట్టు బకెట్టంతా గుమ్మరించారు. నా ఒళ్ళో చుక్క లేదు. గట్టు మీద చుక్క లేదు. అన్నయ్యగారు కారు చుట్టూ తిరిగి, చీరాలలో కూడా ఇంత బాగా వేయలేదని తేల్చి, సాయంత్రం బస్సుకు బాపట్ల వెళ్ళిపోయారు. మా ఆయన చాలాసేపు స్టీరింగు ముందు ఊరికే కూర్చున్నారు. ఆ అద్దంలోంచి మా అమ్మ వాకిలిని చూస్తూ.

మర్నాడు పొద్దున లేచి కాఫీ గ్లాసు పట్టుకుని బయటికి వెళ్ళేసరికి ఆయన కారు పక్కన మెట్టు మీద కూలబడి ఉన్నారు. డ్రైవరు వైపు పై మూల అతుకు విడిపోయింది. రెండు కొసల మధ్య నా బొటనవేలు దూరింది. సొల్యూషన్ మంచిది కాదన్నారు. మంచు పడిందన్నారు, ఆ నెలలో మంచేమిటో నాకు అర్థం కాలేదు. నాకు మాత్రం చూడగానే తెలిసిపోయింది. లాగి లాగి చుట్టి, లాగినంత మేర కోశారు. రాత్రి రబ్బరు తన కొలతకు తాను వచ్చేసింది.

"జాకెట్టు ముక్క కొలిచినట్టు కొలిచారు" అన్నాను.

ఆయన తన రెండు చేతుల వైపు చూసుకున్నారు. నేను కాఫీ గ్లాసు ఆ చేతుల్లో పెట్టాను.

మిగిలిన ముక్క కోసం వెతుకులాట. మా అమ్మ దాన్ని భోజనాల బల్ల పొట్టికాలు కింద పెట్టింది, బల్ల కుదురుగా నిలబడిందని సంతోషిస్తోంది. బల్ల ఎత్తి, ముక్క తీసి, అందులో బొటనవేలెడు కోసి, ఆ సందులో ఇరికించి అతికించారు. ఒక అతుకు పోయి రెండు అతుకులయ్యాయి. అప్పుడైనా దాన్నంతా ఊడదీసి కిందికి తిప్పి మళ్ళీ వేద్దామన్నాను. వద్దన్నారు. నన్ను నా సీట్లో కూర్చోమని, ఎడమవైపు నీళ్ళు పోశారు. నా ఒళ్ళో చుక్క పడలేదు. కుడివైపు పోసినట్టు నాకు గుర్తు లేదు. పోశారా అని అడిగిన గుర్తు కూడా లేదు. అప్పటికి తల ప్రాణం తోకకొచ్చి ఉంది, ఇంటికి పోతే చాలనుకున్నాను.

ఆ తర్వాత వానలు మామూలుగానే పడ్డాయి. నా సీటు పొడిగా ఉంది. కారు తువ్వాలును ఇంట్లోనే ఉంచేశాను. తెల్లచీర తెల్లగానే చర్చికి చేరింది. నాకు సంతోషంగానే ఉండాలి. కానీ మా ఆయనతో ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది కదా. ఎప్పుడూ చర్చికి గోధుమరంగుకు దగ్గరైన లేత ప్యాంటు వేసుకునే మనిషి, ముదురు కాఫీరంగు ప్యాంటు కుట్టించుకున్నారు. కొట్లో మిగిలిన ముక్కట. వాన ఉన్న ప్రతి ఆదివారం అదే. ప్రభు భోజనానికి ఆ రంగేమిటండీ అని సాధించాను. బాగానే ఉందిగా అన్నారు. రేపల్లె చేరగానే నన్ను ముందు దిగి లోపలికి వెళ్ళమనేవారు. తాళాలు వేసి వస్తానని తను కారు దగ్గరే ఉండిపోయేవారు. తలుపులకు తాళం వేయడానికి అంతసేపెందుకని దానికీ విసుక్కున్నాను. బాపట్ల నుంచి అన్నయ్యగారు ఫోన్ చేసి, ఆ స్టూడియో ఆయన మళ్ళీ అడుగుతున్నాడమ్మా, వానకు నీళ్ళొస్తున్నాయా అని అడిగితే, లేదండీ, నా ఒళ్ళో చుక్క పడట్లేదని గర్వంగానే చెప్పాను.

వానాకాలం చివర్లో ఒక మొదటి ఆదివారం, మళ్ళీ అదే భట్టిప్రోలు గేటు దగ్గర ఆగాం. జోరున వాన. గొడుగు కింద ఒకావిడ మొక్కజొన్న పొత్తులు కాలుస్తూ అమ్ముతుంటే, పక్క అద్దం కొంచెం దించి ఒకటి కొన్నాను. సగం విరిచి మా ఆయనకు ఇద్దామని అటు తిరిగాను. డ్రైవరు వైపు పై మూల, బొటనవేలెడు ముక్క పక్కనుంచి నీళ్ళు సన్నగా దిగుతున్నాయి. స్టీరింగు వెనక గట్టు మీద బుద్ధిగా చేరుతున్నాయి. ఎర్రటి తుప్పునీళ్ళు. నేను నోరు తెరిచేలోపు రైలు పోయింది, గేటు లేచింది, బండి కదిలింది. నీళ్ళన్నీ ఆయన ఒళ్ళోకి దూకాయి.

ఆయన ఉలిక్కిపడలేదు. కిందికి చూడలేదు. అలవాటైన మనిషిలా రోడ్డు వైపే చూస్తూ గేరు మార్చారు. ఎడమచేత్తో నా దగ్గర పొత్తు అందుకుని కొరికారు.

అతుకు ఆ మూలే ఎందుకు రావాలన్నారో అప్పుడు తెలిసింది. రబ్బరు ఎంత బాగా వేసినా అతుకు దగ్గర ఎప్పటికైనా కారుతుందని ఆయనకు ముందే అనుమానం. కారితే ఎవరి మీద కారాలో ఆ రోజే నిర్ణయించేసుకున్నారు. నీ ఒళ్ళో చుక్క పడితే అని మా అమ్మ ముందు మాటిచ్చారు. మాట తప్పలేదు, కారూ పోలేదు. వానాకాలమంతా తుప్పునీళ్ళలో నానుతూ, నేను ప్యాంటు రంగు మీద సాధిస్తుంటే ఒక్క మాట అనకుండా కూర్చున్నారు. నాకు ఎంత కోపమొచ్చిందంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఒక్క మాట చెప్పొచ్చు కదా ఈ మనిషి! చెబితే కారు ఇచ్చేయమంటాననుకున్నారా? అంటానేమో మరి, నా నోరు నాకు తెలుసు. చేతిలో పొత్తు సగం అలాగే పట్టుకుని రేపల్లె దాకా కూర్చున్నాను. మనిషి మీద ఇంత ప్రేమ, ఇంత విసుగు ఒకేసారి ఎలా వస్తాయో నాకిప్పటికీ తెలియదు.

తర్వాతి నెల మొదటి ఆదివారం కూడా వాన పట్టుకుంది. ఆయన చెప్పులు వేసుకుంటుండగా నేను తాళాలు పట్టుకుని ముందుగా కారు దగ్గరికి వెళ్ళాను. ఉతికి నాలుగు మడతలు పెట్టిన తువ్వాలును కుడివైపు సీటు మీద పెట్టి, వచ్చి నా సీట్లో కూర్చున్నాను. ఆయన తలుపు తీసి, తువ్వాలు చూసి, కాసేపు వానలోనే నిలబడ్డారు. తర్వాత కూర్చుని, దాన్ని విప్పి, తన ఒళ్ళో పరుచుకున్నారు. ముడతలు లేకుండా లాగి మరీ పరుచుకున్నారు.

"మెల్లగా కదిలించండి" అన్నాను.

"మెల్లగానే కదిలిస్తున్నానే" అన్నారు.